ఫోన్ ఒక్కటే చాలదండీ

పెద్దవాళ్ల రిటైర్మెంట్ కమ్యూనిటీల్లో యోగా, భజనలతో పాటు ఫోన్ వాడకం నేర్పితే చాలని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. ఆ 'చాలు' అన్న మాట నాకు బాధనిపించింది.

మేం తిరుపతి శివార్లలో అలాంటి చోటే ఉంటున్నాం. పక్కింటి అక్కకు 76 ఏళ్లు. పుట్టింది తిరుత్తణి వైపు. ఆ తాలూకా 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది కదా. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. పెళ్లయి పుత్తూరు వచ్చాక యాభై ఏళ్లు బస్సు బోర్డు కూడా పక్కవాళ్లను అడిగే ఎక్కింది.

పోయిన ఏడాది నుంచి రోజూ పొద్దున పదింటికి ఆమెకు అక్షరాలు చెబుతున్నాను. నోటుబుక్కు వద్దు, పలకే కావాలంది. అరవంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే 'గంగ' రాయమంటే 'కంక' అని రాసేది. వేలితో చెరిపి మళ్లీ రాసేది. గంగజాతరప్పుడు తాతయ్యగుంట గుడి దగ్గర 'గంగమ్మ' అని కూడబలుక్కుని చదివి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు నోట మాట రాలేదు.

డిగ్రీ చదవాలనుకునే పెద్దలకూ దారి ఉంది. దూరవిద్య చెప్పే ఇగ్నో విశ్వవిద్యాలయంలో బీఏకి గరిష్ఠ వయసంటూ లేదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు.

నిర్వాహకులను మేం అడిగేది కొంచెమే. పొద్దున పూట వెలుతురున్న గది, పెద్ద అక్షరాల పుస్తకాలు, వినికిడి తగ్గినవాళ్లకు ముందు వరుస. మా చోట ఆ గది కోసమే ఆరు నెలలు తిరిగాం.

అక్క ఇప్పుడు ఒత్తుల దగ్గరికొచ్చింది.