డిస్కులు కొనే ముందు కంట్రోలర్ లాగ్ ఒక్కసారి చూడండి

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్. "సర్వర్ నత్తనడక నడుస్తోంది, కొత్త డిస్కులకి ఆర్డర్ పెట్టేస్తున్నాం, నువ్వు ఊ అంటే చాలు" అన్నారు. నేను ఊ అనలేదు. అప్పటినుంచి ఒళ్ళు మండుతూనే ఉంది.

లాగిన్ అయి గత కొన్ని రోజుల రికార్డు తీశాను. డేటాబేస్ వాల్యూమ్ మీద ఒక్కో రైట్ 40 మిల్లీసెకన్లు వేచి ఉంటోంది. రీడ్స్ మాత్రం నిన్న సాయంత్రం దాకా శుభ్రంగా ఉన్నాయి. చదవడం బాగుండి రాయడం ఒక్కటే చతికిలపడితే ముందు అనుమానించాల్సింది రైట్ కాష్‌ని, అంటే రాయాల్సిన డేటాని డిస్కుకి వెళ్ళేలోపు తాత్కాలికంగా దాచే మెమరీని. రెయిడ్ కంట్రోలర్ (చాలా డిస్కుల్ని కలిపి ఒక్కటిగా నడిపే కార్డు) లాగ్ తెరిస్తే తొమ్మిది రోజుల క్రితమే రాసి ఉంది: బ్యాటరీ ఫెయిల్, రైట్ బ్యాక్ నుంచి రైట్ త్రూకి మార్పు. తొమ్మిది రోజులు! ఒక్కరంటే ఒక్కరు చూడలేదు.

కరెంటు పోయినా కంట్రోలర్ మెమరీని కాపాడేది ఆ బ్యాటరీ. అది బతికున్నంత కాలం కంట్రోలర్ తన మెమరీలో రాసుకుని "అయిపోయింది" అని చెప్పేస్తుంది, అదే రైట్ బ్యాక్. బ్యాటరీ పోతే డేటా నిజంగా డిస్కులోకి చేరేదాకా ఆగాలి, అదే రైట్ త్రూ. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక్క చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్లు పైన పడుతుంది. దానికి తోడు మాది రెయిడ్ 5, అంటే డేటాతో పాటు పారిటీని (ఒక డిస్కు పోతే డేటా తిరిగి లెక్కగట్టడానికి ఉంచే సమాచారం) కూడా డిస్కుల మీద పంచి రాసే పద్ధతి. చిన్న రైట్ ఒకటి చేయాలంటే పాత డేటా, పాత పారిటీ చదవాలి, కొత్తవి రెండూ రాయాలి. ప్రతి కమిట్‌కీ, అంటే డేటాబేస్ ఖాయం చేసే ప్రతి మార్పుకీ, ఇదే తతంగం. ఇందులో డిస్కుల తప్పేముంది?

మరి సాయంత్రం నుంచి రీడ్స్ ఎందుకు పడ్డాయి? ఎక్కడో పాత గైడు చదివి డ్రైవర్ ట్యూన్ చేశారట. క్యూ డెప్త్, అంటే ఒకేసారి కంట్రోలర్‌కి పంపగల రిక్వెస్టుల సంఖ్య, 32 ఉంటే 254 చేశారు. రిక్వెస్టులన్నీ తీసుకెళ్ళి కంట్రోలర్‌లో కుక్కితే వాటి వరస మార్చడానికి లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) షెడ్యూలర్ చేతిలో ఏం మిగులుతుంది? చిన్న రీడ్ కూడా వందల రైట్ల వెనక నిలబడాల్సిందే. అదే గైడులో సీఎఫ్‌క్యూ అనే షెడ్యూలర్ తీసేసి నూప్ అనేది పెట్టమని కూడా ఉంది. 2019లో వచ్చిన 5.0 కెర్నల్ నుంచి ఆ రెండూ లేవు! ఇప్పుడున్నవి నన్, ఎంక్యూ డెడ్‌లైన్, బీఎఫ్‌క్యూ, కైబర్. ఏది మార్చినా ముందు కొలవాలి, ఒక్కటే మార్చాలి, మళ్ళీ కొలవాలి. ఇంతకంటే నేను అడిగిందేమీ లేదు.

క్యూ డెప్త్ వెనక్కి 32 చేశాను, రీడ్స్ తేరుకున్నాయి. బ్యాటరీ మార్చాలి, అంతవరకు రాత్రి పూట నడిచే రిపోర్టులు ఆపుదాం అన్నాను. అప్పుడు ఫోన్‌లో అవతలి వైపు నుంచి వచ్చింది ఆ మాట: "బ్యాటరీ వచ్చేదాకా రైట్ బ్యాక్ ఫోర్స్ చేసేద్దాం, యూపీఎస్ ఉందిగా."

రెండేళ్ళ క్రితం ఇదే మాట, ఇదే మనిషి. అప్పుడూ బ్యాటరీ పోయింది, అప్పుడూ యూపీఎస్ ఉంది. ఫోర్స్ చేశారు, సర్వర్ పరుగెత్తింది, మీటింగ్‌లో ఆయనకి చప్పట్లు. పదో రోజున ర్యాక్‌లో పవర్ స్ట్రిప్ కాలిపోయింది, యూపీఎస్ ఉన్నా కరెంటు సర్వర్‌కి చేరలేదు. కంట్రోలర్ మెమరీలో ఉన్నదంతా గాల్లో కలిసిపోయింది. కస్టమర్లకి "సేవ్ అయింది" అని చూపించిన ఎంట్రీలు లేవు. డేటాబేస్ లేవనే లేదు. మూడు రాత్రులు బ్యాకప్ ముందు కూర్చుని ఒక్కో టేబుల్ సరిచూసుకున్నది నేను. రిపోర్టులో మాత్రం "హార్డ్‌వేర్ లోపం" అని రాశారు. ఆ సెట్టింగ్ ఎవరు మార్చారో ఎక్కడా లేదు. ఆ ఒక్క పదం నాకు ఈరోజుకీ మింగుడు పడదు.

అందుకే నిన్న రాత్రి గట్టిగానే చెప్పాను. నెమ్మదిగా ఉంటే జనం తిడతారు, భరిద్దాం. రాసింది పోతే ఏం చెబుతాం? అయినా ఫోర్స్ చేయాల్సిందే అంటే ఆ ఆర్డరు మీ పేరుతో మెయిల్‌లో పంపండి, అప్పుడు చేస్తాను అన్నాను.

తెల్లారింది, మధ్యాహ్నం కూడా దాటింది. బ్యాటరీకి ఆర్డర్ వెళ్ళింది. మెయిల్ మాత్రం రాలేదు.