కార్ వాష్‌తో కోట్లు తెల్లబడవు

“‘బ్రేకింగ్ బ్యాడ్’ చూస్తే మనీ లాండరింగ్ అంతా తెలిసిపోతుంది. నగదు మీద నడిచే వ్యాపారం ఒకటి కొని, రాని కార్లకు బిల్లులు కొట్టి, పది వేల డాలర్లకు మించకుండా బ్యాంకులో వేసి, పన్ను కట్టేస్తే ఎవరూ పట్టుకోలేరు. ఆ పేరు కూడా గ్యాంగ్‌స్టర్ ఆల్ కపోన్ లాండ్రీల నుంచి వచ్చిందే.” ఇలాంటి పోస్టు నాకు ఇప్పటికి నలుగురు పంపారు. మనీ లాండరింగ్ అంటే నేరపు సొమ్మును న్యాయమైన సంపాదనలా చూపించడం. ‘బ్రేకింగ్ బ్యాడ్’ మత్తుమందు తయారుచేసి కోట్లు గడించిన ఒక టీచరు కథ చెప్పే అమెరికన్ సీరియల్. నలుగురూ దాన్ని సగంలో ఆపేసినట్టున్నారు.

ముందు కార్ వాష్ సంగతి. సీరియల్‌లో ఆ టీచరు భార్య స్కైలర్ అమెరికాలోని ఆల్బకర్కీ నగరంలో గల్లాపెట్టె ముందు కూర్చుని లేని కార్లకు బిల్లులు కొడుతుంది. కారుకు 20 డాలర్లు, రోజుకు 200 దొంగ కార్లు అనుకుందాం. ఒక్క రోజు కూడా మూయకపోతే ఏడాదికి 14 లక్షల 60 వేలు. ఆమె భర్త వాల్టర్ చివరికి ఎడారిలో ఏడు పీపాల్లో పాతిపెట్టింది దాదాపు 8 కోట్ల డాలర్లు. అంటే యాభై నాలుగేళ్లు పైమాటే, అదీ పన్ను పోకముందు లెక్క. రోజుకు పన్నెండు గంటలు తెరిచినా మూడున్నర నిమిషాలకో దొంగ కారు. నిజం కార్లు వేరు. నీళ్ల బిల్లు, సబ్బు కొనుగోళ్లు పక్కన పెట్టుకుని చూస్తే ఏ ఆడిటర్‌కైనా అనుమానం రాదా? సీరియల్ ఇది దాచలేదు. అద్దె గదిలో పేరుకుపోయిన నోట్ల గుట్టను స్కైలర్ భర్తకు చూపిస్తుంది. లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది, పురుగు పట్టకుండా మందు మాత్రం కొడుతోంది.

పది వేలు దాటకుండా వేయడమా? బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక పంపకూడదని మొత్తాన్ని ముక్కలు చేయడమే అమెరికాలో నేరం, సొమ్ము న్యాయమైనదైనా సరే. ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ డెనిస్ హాస్టర్ట్ అలా తన సొంత డబ్బు తీసుకుంటూ దొరికి, 2015లో నేరం ఒప్పుకున్నారు. శిక్ష 15 నెలల జైలు.

పన్ను కడితే చాలన్నది కపోన్ కథ నుంచి పుట్టిన భ్రమ. 1931లో ఆయనకు 11 ఏళ్లు పడింది పన్ను ఎగ్గొట్టినందుకే, నిజమే. కానీ 1986 నుంచి అక్కడ మనీ లాండరింగే విడిగా నేరం. పన్ను రసీదు సొమ్ము పుట్టుకను మార్చదు. ఇక లాండ్రీల ముచ్చట వట్టి పుక్కిటి పురాణం. ‘మనీ లాండరింగ్’ అన్న మాట పత్రికలకెక్కింది 1973 ప్రాంతంలో, అధ్యక్షుడు నిక్సన్ పదవికి ఎసరు పెట్టిన వాటర్‌గేట్ గొడవలో.

మరి పెద్ద మొత్తాలు ఎటు పోతాయి? చాలాసార్లు బ్యాంకుకే, ముందు గుమ్మం నుంచే. మెక్సికోలో బ్రిటిష్ బ్యాంకు హెచ్‌ఎస్‌బీసీ శాఖలకు మాదకద్రవ్యాల ముఠాలు నోట్లను పెట్టెల్లో తెచ్చేవి. కౌంటర్ కిటికీలో సరిగ్గా పట్టేలా కొలత తీసి చేయించిన పెట్టెలవి. ఒకే ఖాతాలో ఒకే రోజు లక్షల డాలర్లు పడిన సందర్భాలున్నాయి. ముఠాల సొమ్ము కనీసం 88 కోట్ల డాలర్లు ఆ బ్యాంకు అమెరికా విభాగం గుండా సాగిందని అమెరికా న్యాయశాఖ తేల్చింది. 2012లో బ్యాంకు సుమారు 190 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. అధికారుల్లో ఒక్కరిపైనా కేసు పెట్టలేదు.