నార్మల్ రిపోర్టు, తగ్గని సలుపు

పర్లాకిమిడిలో ఎక్స్‌రే, మహేంద్రతనయ దాటి పాతపట్నంలో ఇంజెక్షను, కోతలయ్యాక బరంపురంలో ఎమ్మారై, చివరికి అప్పు చేసి విశాఖ. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లల్లో నడుంనొప్పో ఒళ్లునొప్పులో పట్టుకుంటే చాలామంది నడిచే దారి ఇదే. వెళ్లిన ప్రతిచోటా కొత్త డాక్టరు, మొదటినుంచి అదే కథ, అవే రక్తపరీక్షలు. ఆఖరికి చేతికొచ్చేది ‘అన్నీ నార్మలే’ అన్న మాట. అది ఇంటికి చేరేసరికి ‘పని తప్పించుకోవడానికి వేషాలు’గా మారిపోతుంది. ముఖ్యంగా కోడళ్ల విషయంలో.

ఆ పరీక్ష వెతికిన జబ్బు కనిపించలేదన్నదే నార్మల్‌కు అర్థం. నొప్పి లేదని కాదు. 3 నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, వేరే కారణం దొరకని నొప్పినే ఒక జబ్బుగా లెక్కగట్టింది. ఒళ్లంతా నొప్పులు పట్టే ఫైబ్రోమయాల్జియా ఆ కోవలోదే. ఫిల్ములో ఏదో కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమనీ అనుకోలేం. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసినా 20 ఏళ్ల వయసులో 37 శాతం మందికి, 80 ఏళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ‘డిస్కు అరిగింది’ అన్న ఒక్క లైను చూసి ఆపరేషనుకు తలూపడం తొందరపాటు.

సరిహద్దులో ఇంకో చిక్కుంది, మాటది. పోటు వేరు, సలుపు వేరు, పీకుడు వేరు, తిమ్మిరి వేరు. ఒడియా ఓపీలో ఇవన్నీ కలిసి ‘గోడొ హాతొ బింధా’ (కాళ్లూ చేతులూ నొప్పి) అయిపోతాయి, చీటీ మీదికి ‘బాడీ పెయిన్’గా ఎక్కుతాయి. సగం రోగనిర్ధారణ అక్కడే జారిపోతుంది. మంట, సూదులు గుచ్చినట్టుండటం, కరెంటు కొట్టినట్టుండటం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం నరాల వైపు చూపే గుర్తులు. 45 ఏళ్ల లోపే మొదలైన నడుంనొప్పి తెల్లవారుజామున నిద్ర లేపి, లేచాక అరగంటకు పైగా బిగుసుకుని, పనిలో పడితే సడలుతోందంటే అది వెన్నును పట్టిన వాపు వాతం కావచ్చు. మొదట్లో దానికి ఎక్స్‌రే శుభ్రంగానే ఉంటుంది. చూడవలసింది రుమటాలజిస్టు, అంటే వాతపు జబ్బుల డాక్టరు.

అందుకే ఓపీకి వెళ్లే ముందు 2 వారాలు ఒక నోటుబుక్కు రాయాలి. మొదటి పేజీలో మనిషి బొమ్మ ముందూ వెనకా గీసి, నొప్పి ఉన్నచోటల్లా సున్నా చుట్టండి. రోజుకు ఒక లైను చాలు: ఎప్పుడు మొదలైంది, నొప్పి పదికి ఎంత, ఏం చేస్తే పెరిగింది, రాత్రి నిద్ర పట్టిందా, ఆడవాళ్లయితే నెలసరి ఎన్నో రోజు. వేసుకున్న ప్రతి మాత్ర ఖాళీ అట్టనూ ఆ పుస్తకంలోనే పెట్టాలి. ఆర్‌ఎంపీ సూది వేస్తే మందు పేరు రాయించుకోవాలి. ఆయన నసిగితే ఖాళీ సీసా అడగండి. అది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ అయితే సాయంత్రానికల్లా హాయిగా ఉంటుంది. నెలల తరబడి పొడిపించుకుంటే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లవుతుంది. అసలు జబ్బు మాత్రం ముసుగు తన్ని పడుకుంటుంది.

మాత్రల సంగతి ఇక్కడ మరీ గట్టిగా చెప్పాలి. పక్కనే ఉద్దానం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఊళ్లలో మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండానికి రక్తం తగ్గిస్తాయన్నది తేలిన విషయం. బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటివి వాడుతూ, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర కూడా వేసుకుంటూ, పైన నొప్పి మాత్ర కలిపితే ముప్పు ఇంకా ఎక్కువ. ఎండలో జీడితోటలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని రోజైతే మరీను. నొప్పి మాత్ర వారం దాటి వాడేవాళ్లు మూత్రపిండాల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా మళ్లీ అట్ట కొనకూడదు.

మొదట కలవాల్సింది ఎముకల డాక్టరును కాదు, జనరల్ మెడిసిన్ వైద్యుడిని. రక్తకణాల లెక్క, ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, థైరాయిడ్, షుగరు, క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి, బీ12 చూస్తే చాలా అనుమానాలు తీరతాయి. ఈ జిల్లాల్లో ఇంకో రెండు మరవకూడదు. చిన్నప్పటినుంచీ విడతలు విడతలుగా ఎముకలు పీకే పిల్లకు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే పుట్టు జబ్బు) పరీక్ష చేయించాలి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ల లోపువారికి ఈ పరీక్షలు చేస్తున్నారు. స్పర్శ లేని మచ్చతోపాటు చేతిలోనో కాలిలోనో నరం నొప్పి ఉంటే కుష్ఠు చూడాలి.

పొత్తికడుపు నొప్పికి గర్భసంచి తీసేయడం ఒక అలవాటైపోయింది. ఈ ఆపరేషను చేయించుకున్న మహిళల శాతం దేశంలో ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. స్కాన్ బాగున్నా ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) ఉండొచ్చు. నొప్పి పేగుదో, మూత్రాశయానిదో, కటి కండరాలదో అయితే సంచి పోతుంది, నొప్పి మిగులుతుంది.

నడుంనొప్పితోపాటు కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడంతో వెన్నునొప్పి ఉంటే క్షయ అనుమానించాలి.

ఇవేవీ కాదని తేలాక నొప్పికే వైద్యం చేయాలి. మెడికల్ కాలేజీల్లో దాన్ని ఎక్కువగా చూసేది మత్తు వైద్య (అనస్థీషియా) విభాగమని చాలామందికి తెలియదు. అక్కడ రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ (దిగులు జబ్బుకూ వాడే మందు) రాస్తే ‘పిచ్చి మందు ఇచ్చారు’ అని నాలుగో రోజు మానేస్తారు. ఇంత చిన్న మోతాదు నరాల నొప్పి కోసం ఇచ్చేది, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో నోరెండటం, మత్తు మామూలే.

2025 ఏప్రిల్‌లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరాక, ఆ కార్డు ఆంధ్ర-ఒడిశా సరిహద్దు అవతల జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనూ చెల్లుతోంది. అయితే అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే గానీ ఓపీకి కాదు. దీర్ఘకాలిక నొప్పికి జరిగే వైద్యం దాదాపు అంతా ఓపీలోనే. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒకరోజు నొప్పి ఓపీ, ఆ గదిలో పోటుకూ సలుపుకూ తేడా తెలిసిన ఒక తెలుగు నర్సు, అక్కడి చీటీని శ్రీకాకుళంలోనూ చెల్లనిచ్చే ఏర్పాటు కావాలి. రెండు ప్రభుత్వాలనూ మేము అడుగుతున్నది ఈ మూడే.