కచేరీ కాగితంలో ఒక్క మాట

(శనివారం కచేరీకి పంచే కాగితంలో తమ్ముడు "చెర్వెత్తో, యూదు స్వరకర్త" అని రాశాడు. అక్క "యూదు" అన్న మాట కొట్టేసింది.)

తమ్ముడు: ఎందుకక్కా కొట్టేశావ్?

అక్క: ఆయన సొనాటాలు, అదే వాద్యాలకు రాసిన రచనలు, వాయించేది నువ్వే కదా. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, పాడే పాట వరస ఒక్కటైనా తగిలిందా? అచ్చమైన ఇటలీ బాణీ. ఇటలీ స్వరకర్త కొరెల్లీ పక్కన మతం రాయం, ఈయనకెందుకు?

తమ్ముడు: కొరెల్లీకి మతం అడ్డురాలేదు గనక. 18వ శతాబ్దంలో స్వరకర్తకు నిలకడగా కూడు పెట్టింది చర్చి, లేదంటే ఆస్థానం. బాఖ్‌కి లైప్‌జిగ్ చర్చిలు, హైడెన్‌కి ఎస్టర్‌హాజీ ప్రభువులు. యూదుడికి చర్చి కొలువు ఊసే లేదు. చెర్వెత్తో 1730ల చివర్లో లండన్ చేరి, డ్రూరీ లేన్ నాటకశాలలో చెల్లో, అదే అడుగు స్వరాలు పలికే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, వాయించాడు. పై అంతస్తు గ్యాలరీలో కూర్చున్న జనం ఆయన పెద్ద ముక్కు చూసి "నోసీ" అని కేకలేసేవాళ్లు. ఆ కేకల మధ్యే వాయించాడక్కా!

అక్క: నా బాధా అదే. వాళ్లు ముక్కు చూశారు, మనం మతం చూస్తున్నాం. మరి వినేదెప్పుడు? ఆ మూడు చెల్లోల త్రయాలు తీసుకో, 1741 ప్రాంతంలోవి. పై రెండు భాగాలూ రెండు వయొలిన్లతోనైనా వాయించుకోవచ్చని అచ్చులోనే ఉంది. అడుగున ఉండే వాద్యానికి వయొలిన్ పాట ఇచ్చాడు. ముందు అది చెప్పు.

తమ్ముడు: చెబుతాను. అది చెప్పడానికి ఇది కొట్టేయాలా?

అక్క: యూదుల మాటే రాయాలంటే సారా లెవీ గురించి రాయి. బెర్లిన్ బ్యాంకరు ఇట్జిగ్ కూతురు, బాఖ్ కొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ బాఖ్ శిష్యురాలు. ఇంకో కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ బాఖ్ 1788లో, చనిపోయిన ఏడాదే, కీబోర్డు, ఫ్లూట్, వయోలాలకు "క్వార్టెట్లు" అన్న పేరుతో మూడు రచనలు రాశాడు. అవి ఆమె కోసమేనని చాలామంది నమ్మకం. ఆమెది కీబోర్డు, భర్తది ఫ్లూట్. తను పోగుచేసిన సంగీత ప్రతులు బెర్లిన్‌లోని బృందగాన సంస్థ జింగ్ అకాడమీకిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మాయమైన ఆ అకాడమీ భాండారం 1999లో కీవ్‌లో దొరికింది. సారా ఇల్లు లేకపోతే మనకు ఎంత పోయేదో!

తమ్ముడు: కాదనను. కానీ యూదులు విన్నారు, దాచారు అని చెప్పి ఆపేస్తే, రాసినవాడు మళ్లీ గ్యాలరీ కిందే మిగిలిపోతాడు. పైగా చెర్వెత్తో ఆయన అసలు ఇంటిపేరు కాదు, బసేవి. నువ్వు మాట కొట్టేస్తే ఆ పేరూ పోతుంది.

అక్క: (ఆగి) బసేవీనా? అది రాయలేదేం మరి?

తమ్ముడు: చోటు చాలదేమోనని...

అక్క: నా పరిచయంలో రెండు లైన్లు తీసెయ్. "జాకోబ్బే బసేవి" అని పూర్తి పేరు పెట్టు, కింద డ్రూరీ లేన్ సంగతి రాయి. "యూదు" అన్న మాట పేరుకు తగిలించకు, ఆ సంగతిలోనే రానీ.

తమ్ముడు: పేరు పక్కనే ఉండాలంటాను.

అక్క: నేను వద్దంటాను. చెల్లో తియ్, రెండో భాగం ఇంకా కుదరలేదు.