నలుగురూ కలిసి మాట్లాడుకుంటే ఓట్లు పెరుగుతాయా? పెరుగుతాయి

ఎన్నికలు దగ్గర పడగానే ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది. "ఓటు గురించి మీటింగులు పెట్టడం టైమ్ వేస్ట్. వచ్చేవాళ్లు ఎలాగూ ఓటేసేవాళ్లే. నమ్మకం పోయినవాళ్లు మాటలకు మారరు. అయినా ఒక్క ఓటుతో ఏమవుతుంది?" చాలామంది దీన్ని నిజమనుకునే పంపిస్తున్నారు. నాకు బాధ కలిగేది అందుకే.

వచ్చేవాళ్లు ఓటేసేవాళ్లేనన్నది కొంతవరకు ఒప్పుకుంటాను. ఒకరు మైకు పట్టుకుంటే మిగతావాళ్లు విని లేచిపోయే సభ అయితే అంతే. కానీ వచ్చినవాళ్లు తిరిగి ఇంటికి వెళ్తారు కదా! 2002లో అమెరికాలోని డెన్వర్, మినియాపొలిస్ నగరాల్లో ఇద్దరేసి ఓటర్లున్న ఇళ్లకు వెళ్లి, తలుపు తీసిన ఒక్కరితోనే ఓటు గురించి మాట్లాడారు. ఆ మాటల ప్రభావంలో దాదాపు 60 శాతం ఇంట్లో ఉన్న రెండో మనిషికీ చేరిందని పరిశోధకుడు డేవిడ్ నికర్సన్ లెక్క తేల్చారు. అంటే రానివాళ్లకు కూడా వచ్చినవాళ్ల ద్వారా కబురు అందుతుంది.

మాటలకు మారరన్నది అసలే నిలవదు. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో దాదాపు 30 వేల మంది ఓటర్లతో ఈ సంగతే పరీక్షించి చూశారు. కొందరికి ఉత్తరాలు పంపారు, కొందరికి ఫోన్లు చేశారు, కొందరిని ఇంటికెళ్లి కలిశారు. ఫోన్లతో ఫలితం లేదు, ఉత్తరాలతో కాస్త. మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడే పోలింగ్ బాగా పెరిగింది.

ఇక నమ్మకం సంగతి. 1957లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో, జాన్స్ ఐలాండ్ అనే దీవిలో నల్లజాతివాళ్లు ఓటరుగా నమోదు కావాలంటే చదవడం వచ్చని నిరూపించుకోవాలి. ఆశ పెట్టుకోవడానికి వాళ్లకేం కనిపించింది? అయినా ఒక సహకార దుకాణం వెనక గదిలో, బయటివాళ్ల కంటపడకుండా, పెద్దవాళ్లు రాత్రిపూట చేరి చదువుకున్నారు. పాఠం చెప్పిన బెర్నీస్ రాబిన్సన్ టీచరు కాదు, బ్యూటీషియన్. సంతకం పెట్టడం, మనీ ఆర్డర్ నింపడం లాంటి రోజువారీ అవసరాలతో మొదలుపెట్టి రాజ్యాంగం చదివించారు. అక్కడ చదువుకున్న చాలామంది ఓటర్లయ్యారు. అలాంటి బడులు అమెరికా దక్షిణాది రాష్ట్రాలంతటా వచ్చాయి. వాళ్లు నమ్మకం కుదిరాక ఆ గదికి రాలేదు. పక్కన కూర్చున్న మనిషి తన పేరు తాను రాసుకోవడం చూశాక నమ్మకం కుదిరింది.

ఒక్క ఓటుతో ఏమవుతుందా? 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా అసెంబ్లీ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి సి.పి. జోషి ఓడిపోయింది సరిగ్గా ఒక్క ఓటుతో.

"ఓటు ఎవరిది వారు వేసుకోవాలి, దానికి పండుగలెందుకు" అని కూడా అంటున్నారు. ఎందుకంటే, పెట్టి చూశారు కాబట్టి. 2005, 2006ల్లో అమెరికాలో కొన్ని పోలింగ్ కేంద్రాల దగ్గర టెంట్ వేసి, పాటలు పెట్టి, తినడానికి ఏదో ఒకటి ఇచ్చి అందరినీ రమ్మన్నారు. ఏ పార్టీ ప్రచారమూ లేదు. పండుగ జరగని కేంద్రాలతో పోల్చి చూస్తే, జరిగిన చోట్ల పోలింగ్ పెరిగింది. మీ వీధిలో టెంట్ కూడా అక్కర్లేదు. నాలుగు కుర్చీలు వేసి, జాబితాలో ఎవరి పేరు లేదో, ఎవరికి తోడు కావాలో, ఎవరు ఎవరితో కలిసి బూత్‌కు వెళ్తారో ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది.