హిజ్రాలు పని చేయరన్న ఆ మెసేజ్‌కు జవాబు

కొన్ని వారాలుగా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోకి ఇప్పటికే రెండుసార్లు వచ్చింది. సారాంశం ఇది: "హిజ్రాలకు ఒళ్లు వంచి పని చేయడం ఇష్టం లేదు. సిగ్నల్ దగ్గర ఒక్క రోజు నిలబడితే మన నెల జీతం వాళ్ల చేతిలో పడుతుంది. వాళ్ల మీద ప్రభుత్వం పెట్టే ప్రతి రూపాయీ దండగ. ఈ హక్కుల గోల డబ్బున్న దేశాల మోజు. ఉద్యోగాలిచ్చినా నాలుగు రోజులు నిలవరు."

పంపినవారు చెడ్డవారు కారు. చదివారు, నిజమే కాబోలనుకున్నారు, ఇంకొకరికి పంపారు. నేను బ్యాంకులో చిన్న వ్యాపారుల రుణాల ఫైళ్లు చూస్తాను. ఈ లెక్క ఎక్కడెక్కడ తప్పిందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

పని ఇష్టం లేదన్న మాటతో మొదలుపెడతాను. హైదరాబాద్ రాజ్యంలో 1919లో, అంటే నిజాం కాలపు లెక్కలో 1329 ఫసలీ సంవత్సరంలో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వారి పేర్లు, నివాసాలు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడవేషంలో, నగలతో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, జైలుకు పంపవచ్చు. ఆటపాటలే వారి బతుకుతెరువు. ఆ బతుకుతెరువునే చట్టం నేరం చేసింది. నిజాం పాలన పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ విడిపోయింది. చట్టం మాత్రం 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేదాకా అలాగే ఉంది. చేసుకునే పనిని నూరేళ్లకు పైగా నేరమని రాసిపెట్టి, ఇప్పుడు వీళ్లకు పని చేతకాదంటే ఎలా ఒప్పుకోవాలి?

పాతకాలం సంగతి వదిలేద్దాం. 2022 చివర్లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యాధికారులుగా చేరారు. అంతకుముందు వారిలో ఒకరు పనిచేస్తున్న ప్రైవేటు ఉద్యోగాన్ని వదులుకోవలసి వచ్చింది. రోగులు తగ్గిపోతారని యాజమాన్యం భయపడింది. రెండోవారు ఎన్నో ఆసుపత్రుల గడప తొక్కి ఖాళీ చేతులతో తిరిగివచ్చారు. ఎంబీబీఎస్ చదివినవారి పరిస్థితే ఇది. ఒక డాక్టరు తయారు కావడానికి ఎన్నేళ్లు, ఎంత డబ్బు పడుతుందో మనకు తెలుసు. ఆ డాక్టరును ఇంట్లో కూర్చోబెడితే నష్టం ఆమె ఒక్కరిదేనా?

ఇప్పుడు నా బల్ల ముందు జరిగింది చెబుతాను. రెండేళ్ల క్రితం ఒకావిడ రుణం కోసం వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆవిడ కుట్టిన మూడు జాకెట్లు. ఒకదాన్ని తిరగేసి లోపలి కుట్టు చూపించారు. ఒక్క దారం పోగు కూడా బయటికి లేదు. రెండు కుట్టుమిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్ కొనడానికి 90 వేల రూపాయలు కావాలన్నారు. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు. కలెక్టరు కార్యాలయం ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రంతో ఆ చిక్కు విడిపోయింది. దుకాణం అద్దె ఒప్పందం దగ్గర మాత్రం ఆగిపోయాం. టులెట్ బోర్డు చూసి ఫోను చేస్తే రమ్మంటారు, వెళ్లి ఎదురుగా నిలబడితే నిన్ననే ఇచ్చేశామంటారు. చిరునామా లేని దుకాణానికి రుణం మంజూరు కాదు. ఫైలు మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ రావడం మానేశారు. పని ఇష్టం లేని మనిషి జాకెట్లు పట్టుకుని బ్యాంకుకు ఎందుకు వస్తుంది?

సిగ్నల్ దగ్గర నెల జీతమన్నది ఎవరూ లెక్కపెట్టి చూసిన మాట కాదు. మంగ్తికి, అంటే డబ్బు అడుక్కోవడానికి, వెళ్లి తెచ్చిన దానిలో కొంత తమ బృందానికి పెద్ద అయిన గురువుకు ఇవ్వాలి. జ్వరమొస్తే ఆ రోజు సున్నా. పీఎఫ్ లేదు, జీతం చీటీ లేదు, కాబట్టి అప్పు పుట్టదు. పెళ్లిళ్లలో, రైళ్లలో కొందరు బలవంతంగా వసూలు చేయడం నిజమే. ఆ బాధ పడినవారి కోపాన్ని నేను కాదనను. తప్పు చేసినవారిని చట్టం చూసుకోవాలి. అది చూపించి మిగతా అందరికీ ఉద్యోగం నిరాకరించడం వేరు.

ఇక దండగ లెక్క. అమెరికా ఆర్థికవేత్త లీ బ్యాడ్జెట్ ప్రపంచ బ్యాంకు కోసం 2014లో భారతదేశం మీద ఒక అధ్యయనం చేశారు. స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు తదితరులను వెలివేయడం వల్ల దేశానికి ఎంత పోతోందన్నది ప్రశ్న. పనిచోట వివక్ష వల్ల తగ్గే ఉత్పత్తిని, కుంగుబాటు, ఆత్మహత్యలు, హెచ్‌ఐవీ వల్ల కలిగే నష్టాన్ని కూడి చూస్తే 2012 జీడీపీలో 0.1 నుంచి 1.7 శాతం దాకా తేలింది. ఈ రెండు అంకెల మధ్య దూరం చాలా ఎక్కువ. సరైన జనాభా వివరాలే లేకపోతే అంచనా అలాగే ఉంటుంది. అయినా అతి తక్కువ అంకెనే తీసుకోండి. నాటి డాలరు ధరలో అది దాదాపు 10,000 కోట్ల రూపాయలు, ఏటా. ఆంధ్రప్రదేశ్ ట్రాన్స్‌జెండర్లకు ఇచ్చే నెలకు 4,000 రూపాయల పింఛను మన కంటికి కనిపిస్తుంది. ఈ పోయే డబ్బు ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు. ఆఫీసులో తానెవరో దాచుకుంటూ, ఎప్పుడు బయటపడుతుందోనన్న భయంతో పనిచేసే ఉద్యోగి కూడా ఈ లెక్కలోనివాడే. అతను హిజ్రా కాడు కాబట్టి మెసేజ్ రాసినవారికి గుర్తుకు రాలేదు.

డబ్బున్న దేశాల మోజు అన్నదానికి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూడో జెండర్‌ను గుర్తించాలని నేపాల్ సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది, మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో చెప్పింది. అప్పటికి ఎన్నో సంపన్న దేశాల్లో ఆ ఊసే లేదు. హక్కులు ఎక్కువున్న దేశాల్లో తలసరి ఆదాయం ఎక్కువన్నది నిజం. అయితే ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇంకా తేలని ప్రశ్న. దాన్ని నా వాదనకు ఆసరాగా వాడుకోను.

ఉద్యోగమిచ్చినా నిలవరన్న చివరి మాటకు ఆధారం ఉన్నట్టే కనిపిస్తుంది. 2017లో కొచ్చి మెట్రో 20 మందికి పైగా ట్రాన్స్‌జెండర్లను ఉద్యోగాల్లోకి తీసుకుంది. దేశమంతా మెచ్చుకుంది. కొద్ది రోజుల్లోనే 8 మంది మానేశారు. మెసేజ్ రాసినవారు ఇక్కడితో ఆగిపోతారు. ఎందుకు మానేశారో అప్పటి పత్రికలు రాశాయి. నగరంలో వారికి ఎవరూ ఇల్లు అద్దెకు ఇవ్వలేదు. రోజువారీ లాడ్జి అద్దె కడితే జీతంలో మిగిలేది లేదు. టికెట్ కౌంటర్లో కూర్చునే పని వారికి బరువు కాలేదు. రాత్రి తల దాచుకునే చోటు దొరకలేదు.

2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు అసిస్టెంట్లుగా చేరారు. యూనిఫాం వేసుకుని కూడళ్లలో వాహనాలను నడిపిస్తున్న వారిని చూసినప్పుడల్లా, డ్యూటీ ముగిశాక వీరు ఏ ఇంటికి వెళతారన్న ప్రశ్నే నాకు ముందు వస్తుంది. మెసేజ్ వచ్చిన మా బంధువుల గ్రూపులో సొంత ఇళ్లు అద్దెకిచ్చేవారు ఐదుగురున్నారు. ఇద్దరి ఇళ్లలో పై వాటా ఇప్పుడు ఖాళీగా ఉంది. ఈ జవాబు ముందు వారికే పంపుతున్నాను, ఆ వాటా వీరిలో ఒకరికి ఇస్తారా అని అడుగుతూ.