మా యూరప్ ఖర్చుల షీటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ షీటు గారి దివ్యసముఖమునకు,

హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి లెక్క ప్రకారం మాత్రం మా నలుగురిలో ఇద్దరు అప్పుల్లో ఉన్నారు, ఒకడికి బాగా రావాలి, ఇంకొకడికి 0.03 యూరోలు రావాలి. ఆ మూడు సెంట్ల వాడే రోజూ గుర్తు చేస్తున్నాడు.

తమరు పుట్టకముందు మేం ఎలా ఉండేవాళ్లమో తమకు తెలియదు. ఇరానీ హోటల్లో చాయ్ బిల్లు కట్టాలంటే కౌంటర్ దగ్గర కుస్తీ జరిగేది. ‘నేనిస్తా రా’ అంటే ‘నువ్వాగరా’ అని చేతులు వెనక్కి లాక్కునేవాళ్లం. సేఠ్ విసుగెత్తి, ముందు ఎవరి నోటు అందితే అది గల్లాపెట్టెలో వేసుకునేవాడు. ఎవడిచ్చాడో మర్నాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. అలాంటివాళ్లం బెర్లిన్‌లో ఒక సూపర్ మార్కెట్ ముందు, చలిలో నిలబడి, ఖాళీ నీళ్ల బాటిల్ మీద మీటింగ్ పెట్టాం.

జర్మనీలో ప్లాస్టిక్ బాటిల్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ పడుతుంది. ఖాళీది తెచ్చి మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, ఆ డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ బాటిల్ కొన్నది ఒకడు. తాగింది అందరం. రోజంతా బ్యాగులో మోసింది ఇంకొకడు. మెషీన్‌లో వేసి చీటీ జేబులో పెట్టుకున్నది మూడోవాడు. 25 సెంట్లు ఎవరివి? పెద్దమనిషిగా తమరు తీర్పు చెప్పారు: తలకి 0.0625. అంటే ఆరుంపావు సెంట్లు. ఆ పావు సెంటుకి సరిపడే యూరో నాణెం ఎవరూ ముద్రించలేదు. అయినా సరే, మోసినవాడు తన వాటా వేరేగా కావాలన్నాడు. తమరిలో ‘మోత’ అనే కాలమ్ లేదట, అందుకని వదిలేశాడు. వదిలేశాడంటే, మ్యూనిక్ దాకా మాట్లాడలేదు.

తమరి మొదటి ట్యాబ్ పేరు ‘వీసా’. అది తెరిస్తే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. షెంజెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా. దాని రూలు ప్రకారం ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. మేం ఆ రూలుని కిందనుంచి పైకి చదివాం. హైదరాబాద్‌లో ఏ దేశానికి అపాయింట్‌మెంట్ ఖాళీగా ఉందో చూసి, ఎక్కువ రోజులు అక్కడే ఉండాలని చిన్నప్పటి నుంచి కలగన్నాం. 2024 జూన్‌లో ఫీజు 80 యూరోల నుంచి 90కి పెరిగింది, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. పైగా కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ చూపించాలి. ముప్పై వేల యూరోల ధీమా జేబులో పెట్టుకుని మంచినీళ్ల దగ్గర వెనకాడేవాళ్లం భూమ్మీద మేమే అయ్యుంటాం.

విమానాల విషయంలో తమరి అమాయకత్వం మెచ్చుకోవాలి. చవక టికెట్ కనపడగానే ఆ గడికి పచ్చరంగు వేశారు. అది దిగే బోవే ఎయిర్‌పోర్టుకీ పారిస్‌కీ మధ్య దాదాపు 85 కిలోమీటర్లు. హైదరాబాద్ అని టికెట్ కొడితే జనగామలో దింపినట్టు. బస్సు ఖర్చుని తమరు ‘ఇతరములు’ అనే వరుసలో వేశారు. ఆ ఇతరముల మొత్తం చివరికి టికెట్ల మొత్తాన్ని దాటింది, అయినా పచ్చరంగు పచ్చగానే ఉంది.

ప్రాగ్‌లో జరిగింది ధర్మమా? ‘మందు తాగేవాళ్ల బిల్లు తాగేవాళ్లకే’ అని శంషాబాద్‌లోనే తమరిలో రాసుకున్నాం. మాలో ఒకడు తాగడు, వాడికి అన్యాయం జరగకూడదని. తీరా అక్కడ చాలా హోటళ్లలో నీళ్ల కంటే బీరు చవక. మేం ముగ్గురం తక్కువ కట్టి ఎక్కువ తాగాం, వాడు గ్లాసు నీళ్లు తాగి ఎక్కువ కట్టాడు. పైగా యూరోల్లో కాదు, అక్కడి చెక్ కొరునాల్లో. తెల్లారేసరికి వాడు తమరిని తెరిచి రూలు మార్చబోతే, ఎడిటింగ్ హక్కు లేదన్నారు.

ఇక ఆవకాయ. మాంసం, పాల పదార్థాలు సొంతానికైనా యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి డబ్బా ఇంట్లోనే ఆగిపోయాయి. ఒకడి అమ్మ మాత్రం ఆవకాయ సీసాకి కవరు మీద కవరు చుట్టి, టేపు వేసి, పసిపిల్లని అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. తమరు దాన్ని ఎలా రాశారో గుర్తుందా? ‘ఆవకాయ: 0.00’. మొదటి రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. బ్రెడ్డు, చీజు, మళ్లీ బ్రెడ్డు తిని నాలుక మొద్దుబారాక, వియన్నా హాస్టల్ వంటగదిలో అన్నం ఉడికిన రాత్రి ఆ సున్నా విలువ తెలిసింది. సీసా మూత వాడి చేతిలో ఉంది. పై బెర్తు ఎవరికి, స్నానం ముందు ఎవరికి, రేపు ఏ మ్యూజియం, అన్నీ ఆ రాత్రి నుంచి వాడే నిర్ణయించాడు. స్పూనుకి ఎంత వేద్దాం అని ఒకడు అడిగాడు. సరదాకే అడిగాడని ఇప్పటికీ అంటాడు.

ఇటలీలో కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుని తాగితే ఇంకో రేటు. నడిచి నడిచి మోకాళ్లు పట్టేసినవాడు ఒక్క క్షణం కూర్చున్నాడు. కుర్చీ ఖర్చు వాడి పేరునే రాశారు. ఒక చాయ్‌కి మధ్యాహ్నమంతా కుర్చీ ఇచ్చే ఊరి నుంచి వచ్చినవాడు వాడు.

రోమ్ రోజులు చూస్తే తమరిలో అన్నీ చిన్న అంకెలే. అక్కడ వీధుల్లో నాసోనీ అనే ఇనుప కుళాయిలుంటాయి, 1870ల నుంచి ఉన్నవి, పగలూ రాత్రీ చల్లటి నీళ్లు పోస్తూనే ఉంటాయి. ఎవరూ ఏమీ అడగరు. ఆ కుళాయిల దగ్గర మేం ఒకడి తల మీద ఒకడం నీళ్లు పోసుకుని, పిచ్చివాళ్లలా నవ్వి, కొలోసియం దాకా తడి చొక్కాలతో నడిచాం. దానికి తమరిలో వరుసే లేదు. అసలు రోమ్‌లో ఏం చేశార్రా అని ఇంట్లో అడిగితే, మావాడు ఫోన్ తీసి తమరిని చూపించాడు.

ఇంతకీ అసలు పని. మా గ్రూపులో ఒకడికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు తమరి లెక్కలో 41 యూరోలు బాకీ. చదివింపుల్లో సర్దేద్దామని ఒకడన్నాడు. అంటే మండపంలో పుస్తకం పెట్టుకుని కూర్చునే వాళ్ల మామయ్య దగ్గరికెళ్లి, కవరు ఇవ్వకుండా, మా పేర్లు చెప్పి ‘బాకీ మాఫీ’ అని రాయించాలి. చెప్పే ధైర్యం ఎవరికుందో ఇంకా తేలలేదు. ఈలోపు మూడు సెంట్ల వాడు ఇంకో చిక్కు తెచ్చాడు: యూరోని ట్రిప్ నాటి రేటుకి కట్టాలా, ముహూర్తం నాటి రేటుకా? ముహూర్తం తెల్లవారుజామున 4:12కి. దయచేసి తాళి కట్టేలోపు ఒక ఫార్ములా పంపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
కాలమ్ డి